కుట్టుమిషన్ మీద కుట్టిన చప్పుడు

పోయిన నెల హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పాత సినిమా రీళ్ళు ఎక్కడున్నా వెతికి, దుమ్ము దులిపి, కంప్యూటర్లోకి ఎక్కించే పని చేస్తుందట. వరంగల్ పాత సంగతులు రాసే ముసలావిడ ఒకామె ఉందని ఎవరో చెబితే, ఆటో దిగి హనుమకొండ సందులన్నీ తిరిగి నన్ను పట్టుకుంది. మంచినీళ్ళు తాగి ల్యాప్‌టాప్ తెరిచింది. "అమ్మా, ఇది మద్రాసులో ఒక గోడౌన్లో దొరికింది. నిమిషంన్నర బొమ్మల సినిమా. వెనకాల కనిపించేది మీ ఖిలా తోరణమేనా కాదా, అది చెబితే చాలు" అంది. తెర మీద ముందు ఒక పేరు వచ్చింది. చిత్రం, కెమెరా, శబ్దం, అన్నిటికీ అదొక్కటే పేరు. తర్వాత రాతి తోరణం వెనక నుంచి ఏడుగురు అట్టబొమ్మల ఆడవాళ్ళు నెత్తిన బిందెలతో నడిచి వచ్చారు. నేను తోరణం వైపు చూడనే లేదు. ఆ ఏడుగురినీ నాకు తెలుసు. వాళ్ళ చీరల అంచులకు రంగులు వేస్తుంటే పక్కన కూర్చుని జామకాయ తిన్నదాన్ని.

ఆ పేరు ఇక్కడ రాయను. ఇంకొకరి పేరు తుడిచి తన పేరు వేసుకున్నవాడికి నా పుస్తకంలో చోటివ్వాల్సిన ఖర్మ నాకేం పట్టలేదు. రాయాల్సిన పేర్లు వేరే ఉన్నాయి. ఆ సినిమా చేసింది మా చిన్నాయన రాజేశం. దానికి చప్పుళ్ళు కుట్టింది మా చిన్నమ్మ సత్తెమ్మ. దాన్ని ఇంట్లో నుంచి పంపించింది మా బాపు. మంచి గుడ్డలో చుట్టి చేతికి అందించింది నేను. ఈ నాలుగు మాటలూ ఇన్నేళ్ళలో ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇంటి పరువు అన్నారు, ఊరుకున్నాను. ఆ పరువు కాపాడుకోవాల్సిన వాళ్ళంతా పోయారు. ఇప్పుడు నేను ఎవరి కోసం ఊరుకోవాలి?

మా ఇల్లు మట్టెవాడలో ఉండేది. ముందు దుకాణం, వెనక కాపురం. ఇత్తడి, రాగి, కంచు సామాను అమ్మేవాళ్ళం. పొద్దున లేచేసరికి ఇంటినిండా చింతపండు పులుపు వాసన, తడి ఇత్తడి వాసన. దుకాణంలో పెట్టే బిందెలను వాకిట్లో కుప్ప పోసి ఇద్దరు ఆడవాళ్ళు తోముతూ ఉండేవారు. బిందె కొనడానికి వచ్చినవాళ్ళు ఇప్పటిలా స్టిక్కరు చూసి కొనేవారు కాదు. వేలి మెటికతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మోత ఆరేదాకా ఆగి అప్పుడు బేరం మొదలుపెట్టేవారు. ఆ మోత వినడంలో మా బాపును మించినవాడు బజారులో లేడు. వెనక వంటింట్లో అన్నం తింటూ కూడా, దుకాణంలో ఎవరో కొట్టిన బిందె చప్పుడు విని, "ఆ మూడోది ఇయ్యకుండ్రి, దాని గొంతు బాగలేదు" అని ముద్ద చేతిలో పట్టుకునే కేకేసేవాడు. తీసి చూస్తే అడుగున వెంట్రుకంత పగులు ఉండేది. పగిలిన సామాను తెలిసి అమ్మలేదన్నది బాపు గర్వం. ఆ గర్వం నిజమైనదే. దాన్ని నేను కాదనను.

చిన్నాయన బాపుకు సొంత తమ్ముడు, పదేళ్ళు చిన్న. దుకాణంలో కూర్చోబెడితే కొలత తప్పేవాడు, గిరాకీ వచ్చింది కూడా చూడకుండా తక్కెడ ముల్లు ఎందుకు ఊగుతుందో చూస్తూ కూర్చునేవాడు. అతని మనసంతా యంత్రాల మీద ఉండేది. స్టేషన్ రోడ్డులోని టాకీసులో ప్రొజెక్టరు ఆగిపోతే మేనేజరు ఏకంగా రిక్షా పంపించి పిలిపించుకునేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా చిన్నాయన రచ్చ గెలిచి ఇంట ఓడాడు. "మనం సావుకార్లం. మిషన్ల కింద పండుడు మన పనా?" అని బాపు రోజూ ఒకసారైనా అనేవాడు. చిన్నాయన అన్న ఎదుట నిలబడి జవాబు చెప్పింది నేను ఎన్నడూ చూడలేదు. తలవంచుకుని నవ్వి, గ్రీసు చేతులు ధోతికి తుడుచుకుని వెనక అర్రలోకి పోయేవాడు. ఆ ధోతులు ఉతకలేక చిన్నమ్మ తిట్టుకునేది.

టాకీసులో తెగిన రీలు ముక్కలు ఏరుకొచ్చి ఎండకు పట్టి చూస్తుంటే, బొమ్మల పక్కన అంచున సన్నటి నల్లటి గీత, దానిలో దువ్వెన పళ్ళలాంటి గాట్లు కనపడ్డాయట. ప్రొజెక్టరులో ఒక చిన్న దీపం ఆ గాట్లలో నుంచి వెలుతురు పంపిస్తుందని, ఆ వెలుతురు వణుకుడే మనకు పాటగా, మాటగా వినిపిస్తుందని అతను ఏ పుస్తకమూ చదవకుండా, మిషన్ విప్పి తనంతట తానే తెలుసుకున్నాడు. "మరి ఆ గాట్లు మనమే పెడితె? ఎవ్వలు మాట్లాడకుంటనే చప్పుడొస్తది గద" అన్నాడు ఒకరోజు భోజనం దగ్గర. ఎవరూ పట్టించుకోలేదు. చిన్నమ్మ మాత్రం గరిటె ఆపి, "గాట్లు ఎంత సన్నం ఉండాలె?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతోనే ఇదంతా మొదలైంది.

చిన్నమ్మది స్టేషన్ ఘన్‌పూర్. పుట్టింటి నుంచి ఆమెతో వచ్చిన సామానులో విలువైనవి మూడు. పందిరిమంచం, చేతి కుట్టుమిషన్, ఊరగాయ జాడీలు. మూడూ సినిమాలో కలిశాయి. మంచాన్ని నడివాకిట్లోకి ఈడ్చి, పైన పందిరి కర్రలకు కెమెరాను తలకిందులుగా బిగించాడు. హైదరాబాదు పాత సామాన్ల బజారులో దొరికిన, చేత్తో తిప్పే కెమెరా అది. ఒక చుట్టు తిప్పితే ఎనిమిది బొమ్మలు పడేవి. పళ్ళచక్రాలు మార్చి, చుట్టుకు ఒక్క బొమ్మే పడేట్టు చేశాడు. మంచం కోళ్ళ మధ్య మూడు గాజు పలకలు, ఒకదాని మీద ఒకటి, జానెడు జానెడు ఎడంగా. అడుగు పలక మీద తోరణం, ఆకాశం. నడిమి పలక మీద ఆడవాళ్ళు. పై పలక మీద దగ్గరి కొమ్మలు, ఆకులు. "ఘన్‌పూర్ బండిల కూసోని సూడు బిడ్డా, కిటికి పక్కన చెట్లు ఉరుకుతయి, దూరం గుట్ట ఉరకది. అందుకే మూడు అద్దాలు" అని నాకు చెప్పాడు. పైన తెల్ల ధోతి పరిచి ఎండను మెత్తబరిచేవాడు. మబ్బు పడితే ఆపేయాలి. అందుకని ఎండాకాలమే పని. మూడు ఎండాకాలాలు మొగుడూ పెళ్ళాలు కటిక నేల మీద పడుకున్నారు, మంచం సినిమాకు పోయింది కాబట్టి. రీలు కడిగే మందునీళ్ళు ఇత్తడిలో పోస్తే చెడిపోతాయని తెలిశాక జాడీలు కూడా పోయాయి. ఆ ఏడు మా ఇంట్లో మామిడికాయ ఊరగాయ పెట్టలేదు. బజారంతా నవ్వింది, ఊరగాయ లేని సావుకార్ల ఇల్లని.

చప్పుడు సంగతి చిన్నమ్మది. బొమ్మల కాపీ వేయించుకొస్తే దాని అంచు నల్లగా ఉండేది. మిషన్లో దారం తీసేసి, సూది బదులు గ్రామఫోను ముల్లు బిగించి, గుడ్డ పెట్టే చోట ఆ రీలు పెట్టి, కింద పళ్ళకు సైకిల్ ట్యూబు చుట్టి తిప్పితే, ముల్లు నల్లటి అంచు మీద వరసగా గాట్లు పెట్టుకుంటూ పోయేది. కుట్టు దగ్గర చేస్తే సన్నటి గొంతు, దూరం చేస్తే లావు గొంతు. మిషన్ పక్కన కుట్టు మార్చే మర ఉంటుంది కదా, అదే మాకు సరిగమలు. చిన్నబిందెకు ఎంత కుట్టు, గంగాళానికి ఎంత కుట్టు అని చిన్నాయన ఒక పుస్తకంలో బొమ్మలేసి రాసుకున్నాడు. చప్పుళ్ళ పుస్తకం అనేవాళ్ళం దాన్ని. కానీ బిందె కొట్టగానే మోగి, మెల్లమెల్లగా ఆరిపోవాలి. అలా ఆరడం మరతో రాదు. ముల్లును వెంట్రుకవాసి వెంట్రుకవాసి పైకి లేపుతూ తిప్పాలి. అది చిన్నమ్మ చేతికే వచ్చింది. చిన్నాయన ఎన్నిసార్లు ప్రయత్నించినా బిందె గొంతు నులిమినట్టు ఆగిపోయేది.

మొదటిసారి టాకీసులో పొద్దుటిపూట ఖాళీ హాల్లో ఆడించి చూస్తే, ఆడమనిషి బిందెను కొట్టి చేయి తీసేసిన తర్వాత ఎప్పటికో మోగింది. చిన్నాయన మొహం వాడిపోయింది. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, "మెరుపు ముంగట, ఉరుము ఎనుక. వానలెక్కనే ఉన్నది" అంది. ఆ మాట పట్టుకుని అతను ప్రొజెక్టరు దగ్గరకు పరుగెత్తాడు. బొమ్మ కనపడే కిటికీకీ, చప్పుడు చదివే దీపానికీ మధ్య ఇరవై బొమ్మల దూరం ఉంది. కనుక చప్పుడును ఇరవై బొమ్మలు ముందుగా కుట్టాలి. పెద్ద స్టూడియోల వాళ్ళకు అది అ ఆలంత మామూలు సంగతని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మట్టెవాడలో మాత్రం ఎవరూ చెప్పకుండా ఒక ఇత్తడి సామాన్ల ఇంట్లో దాన్ని కనిపెట్టారు. కొత్త కాపీ వేయించి మొత్తం మళ్ళీ కుట్టారు.

ఆ సినిమా మా దుకాణం ప్రకటన. అన్నను మెప్పించాలని చిన్నాయన ఎంచుకున్న దారి అది. ఏడుగురు ఆడవాళ్ళు వచ్చి, సామాను వరసగా దించి, ఒక్కొక్కటీ వేలితో కొడతారు. ఆరు బిందెలు, చివరిది చెంబు. చివర్లో దుకాణం పేరు. అంతే. రెండోసారి ఆడించి చూసిన రోజు బాపును బతిమాలి తీసుకుపోయారు. ఖాళీ హాల్లో నడిమి వరసలో కూర్చుని బాపు కళ్ళు మూసుకున్నాడు. బొమ్మలు చూడనే లేదు. అయిపోయాక చిన్నాయన దగ్గరకు వచ్చి, "మంచిగున్నదా అన్నా?" అన్నాడు.

"బొమ్మల సంగతి నాకు తెల్వది. ఆఖరి చెంబుల సన్నం పగులున్నది. గసొంటిది మన దుకాణంల పెట్టం" అన్నాడు బాపు, లేచి వచ్చేశాడు.

నాకు ఏడుపొచ్చింది. చిన్నాయన ఇంటికి వచ్చి, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి బిగించుకునే భూతద్దం పెట్టుకుని ఆ అంచును చూశాడు. తొమ్మిదో గాటు దగ్గర ప్రతిసారీ ముల్లు జారింది. ప్రతి తొమ్మిది గాట్లలో ఒకటి లేదు. తల ఎత్తినప్పుడు అతని మొహంలో నేను అంతకుముందూ ఆ తర్వాతా చూడని వెలుగు ఉంది. "సత్తెమ్మా, అన్నకు పగులు ఇనొచ్చిందంటె ఏంది? అన్న చెవికి అది నిజం చెంబైనట్టే గద" అన్నాడు.

"మల్ల కుడుదామా?" అంది చిన్నమ్మ.

"వద్దు, ఉండనియ్. అది అన్న చెంబు. ఇంకెవ్వలికి తెలుస్తది?"

అలా ఆ పగులు అందులో ఉండిపోయింది. మ్యాట్నీ ముందు ఆడిస్తే జనం ఈలలు వేశారు, మళ్ళీ వేయమన్నారు. బిందెలు కొట్టే చోట హాల్లో పిల్లలు కుర్చీల చేతుల మీద కొట్టేవారు. బాపు ఎవరు పొగిడినా, "మా తమ్ముని పిచ్చి" అని కొట్టిపారేసేవాడు.

ఇక్కడ మా ఇంటి మర్యాద ఒకటి చెప్పాలి. బాపు నిజాం కాలపు మనిషి. ఆయన స్నేహితుడు ఒక వకీల్ సాబ్, ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక మా ఇంటికి చాయ్‌కి వచ్చేవాడు. మా గోడ గడియారం వైపు చూసి, "బహుత్ ఖూబ్ సావుకార్, ఎంత మంచి గడియారం" అనేవాడు. "మీదే అనుకోండ్రి సాబ్" అనేవాడు బాపు. "మీ గోడ మీదుంటే నా గోడ మీదున్నట్టే" అనేవాడు ఆయన. అంతటితో అయిపోయింది. గడియారం కదిలేది కాదు, స్నేహమూ కదిలేది కాదు. ఇచ్చేవాడు ఇస్తానంటాడు, పుచ్చుకునేవాడు వద్దంటాడు. ఏళ్ళ తరబడి ఆ గడియారాన్ని బాపు వారానికోసారి దానం చేశాడు, వకీల్ సాబ్ వారానికోసారి తిరిగి ఇచ్చాడు. మా బజారులో ఇది పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం టాకీసు మేనేజరు మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. సినిమాలు తీసే కంపెనీ మనిషి. ముందురోజు మ్యాట్నీలో మా బిందెలను చూసి, ఎవరు చేశారో చూడాలని వచ్చాడట. తెల్లటి బట్టలు, మెత్తటి మాట. చిన్నాయన వాకిట్లో మంచం చూపించాడు, మూడు అద్దాలు చూపించాడు, కుట్టుమిషన్ చూపించాడు. ఆయన చప్పుళ్ళ పుస్తకం ఒక్కో పేజీ తిప్పి చివరిదాకా చూశాడు. తర్వాత వసారాలో వకీల్ సాబ్ పక్కన కూర్చుని చాయ్ తాగుతూ, "ఇలాంటి పని మా మద్రాసులో కూడా చూడలేదండీ. ఆ రీలు, ఆ పుస్తకం, అబ్బ, ఎంత బాగున్నాయో" అన్నాడు బాపుతో.

మా బాపు మొహం విప్పారింది. అప్పటిదాకా తమ్ముడి పిచ్చిగా ఉన్నది, పెద్దమనిషి మెచ్చుకోగానే ఇంటి సొత్తయింది. "మీకు నచ్చినయంటే మీవే అనుకోండ్రి" అన్నాడు.

"అలాగేనండీ, చాలా సంతోషం. రేపు పొద్దున బండికే వెళ్ళిపోతున్నాను. ఇప్పుడే ఇప్పించేస్తే పట్టుకెళ్తాను" అన్నాడు ఆయన.

చిన్నాయన స్తంభం పక్కన నిలబడి అన్న వైపు చూశాడు. వకీల్ సాబ్ కప్పు కింద పెట్టి, "సాబ్, జర ఇనుండ్రి. మా దగ్గర రివాజు ఏందంటే..." అని మొదలుపెట్టాడు. ఒక్క నిమిషం ఆయన్ని మాట్లాడనిచ్చి ఉంటే అందరం నవ్వుకునేవాళ్ళం. బాపు చేయి ఎత్తి ఆయన్ని ఆపాడు. నలుగురిలో అన్న మాట. సావుకారి నోటి నుంచి వచ్చిన మాట. నా వైపు తిరిగి, "బిడ్డా, లోపల రెండు రీలు డబ్బలున్నయి, పుస్తకమున్నది. మంచి గుడ్డల చుట్టి తే" అన్నాడు.

అప్పటికి నాకు పన్నెండేళ్ళు. తెలియని వయసని చెప్పుకోవడానికి లేదు. అంతమందిలో బాపు నాకు పని చెప్పాడని పొంగిపోతూ పోయాను. అర్ర దర్వాజలో చిన్నమ్మ నిలబడి ఉంది. "ఎందుకే?" అంది. "సారుకు ఇస్తానం" అన్నాను. ఆమె నన్ను చూసింది, పక్కకు జరిగింది. దసరాకు నాకు కుట్టడానికి ఉంచిన ఎర్ర పట్టుగుడ్డ తీసి రెండు డబ్బాలూ పుస్తకమూ అందులో చుట్టాను. ముడి అందంగా రావాలని రెండుసార్లు విప్పి కట్టాను. నేను వసారాలోకి వచ్చేసరికి వెనక వంటింట్లో పెద్ద బిందె ఒకటి నేల మీద పడింది. ఆ మోత మెల్లగా ఆరింది. "ఏం పడ్డది?" అని బాపు అడగలేదు. ఏ బిందె పడిందో, అది పడిందో పడేశారో ఆ చెవికి తెలియకపోవడం జరగదు.

ఆయన వెళ్ళిపోయాక, ఆ సాయంత్రం బాపు భోజనానికి కూర్చున్నప్పుడు చిన్నమ్మ తలుపు చాటు నుంచి మాట్లాడింది. బావతో ఆమె నేరుగా మాట్లాడటం అదే మొదలు. "ఇయ్యనీకి అది దుకాణంల చెంబు గాదు బావా. ఆయనవి మూడెండకాలాలు, నా చెయ్యి. మీ మాట మీకు దక్కింది. మాకేం దక్కింది?" బాపు మజ్జిగన్నం కలుపుకోకుండానే లేచి చేయి కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున్నే చిన్నాయన స్నానం చేసి, తెల్ల ధోతి కట్టుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చి దుకాణంలో కూర్చున్నాడు. ఆ తర్వాత చచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. టాకీసు రిక్షా వస్తే తిప్పి పంపేవాడు. మంచం మళ్ళీ మంచమైంది, జాడీల్లోకి మళ్ళీ ఊరగాయ వచ్చింది. ఎంత కడిగినా మొదటి ఏడాది దానికి మందునీళ్ళ వాసన వదల్లేదు. చిన్నాయన మాత్రం నోరెత్తకుండా తిన్నాడు.

"ఎందుకు వద్దనలే చిన్నాయనా?" అని ఒకసారి అడిగాను. "అన్న మాట పోతది గద బిడ్డా" అన్నాడు. "మరి నీ సినిమా?" అంటే, "మల్ల చేస్త తియ్, ఫికర్ చెయ్యకు" అన్నాడు. మళ్ళీ చేయలేదు. పెద్దలకు ఎదురు చెప్పకపోవడం గొప్ప గుణమని నా చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాను. నాకది అబద్ధమని మా ఇంట్లోనే తెలిసింది. మర్యాద ఇద్దరికీ తెలిసినప్పుడే మర్యాద. ఒక్కడికే తెలిస్తే అది దివాలా. అందులోనూ మా బాపు దివాలా తీసింది తన సొమ్ము కాదు, తమ్ముడిది. వారం తర్వాత శుక్రవారం వకీల్ సాబ్ వచ్చి, అలవాటుగా గడియారం వైపు చూసి, "బహుత్ ఖూబ్" అన్నాడు. బాపు జవాబివ్వలేదు. వకీల్ సాబ్ చాయ్ తాగి, తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన మా ఇంట్లో దేన్నీ మెచ్చుకోలేదు.

నేను కాలేజీలో చేరిన రోజుల్లో ఇంటికి చుట్టాలు వస్తే బాపు వాళ్ళతో టాకీసుకు పోవలసి వచ్చింది. ముందు వేసే చిన్న బొమ్మలు అవగానే, అసలు సినిమా చూడకుండా ఒక్కడూ తిరిగి వచ్చాడు. వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్న చిన్నాయన ఎదురుగా నిలబడి, "తమ్మీ, అండ్ల నా చెంబు మోగింది" అన్నాడు.

చిన్నాయన చెంబు కింద పెట్టాడు. "మోగిందా?"

"మోగింది. గదే పగులు. దుకాణం పేరు కోసేసి వాని పేరేసుకున్నడు."

"మోత మంచిగ ఇనొచ్చిందా అన్నా? ఎనుక కూసున్నోళ్ళకు గూడ?"

బాపు తల ఊపాడు. చిన్నాయన నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏడ్చి ఉంటే బాగుండేది. చిన్నమ్మ లోపల నుంచి, "అయితే ఉత్తరం రాయిండ్రి, అది మాదని" అంది. "ఇచ్చినంక అడుగుడు మన ఇంట్ల లేదు" అన్నాడు బాపు. పగిలిన చెంబు అమ్మనివాడు, పగిలిన మాటను మాత్రం చివరిదాకా పట్టుకుని కూర్చున్నాడు. చేసిన తప్పు తెలుసు, దిద్దుకునే దారి తెలుసు, అయినా కదలలేదు. బాపును నేను ప్రేమించాను. ఆ విషయంలో క్షమించలేదు.

ఇవన్నీ ఆ అమ్మాయికి చెప్పాను. ఓపిగ్గా విన్నది, రాసుకున్నది. ఇప్పుడు ఆ టాకీసు లేదు, అక్కడ సెల్ ఫోన్ల దుకాణాలు ఉన్నాయి. మా దుకాణంలో స్టీలు కూడా పోయి ప్లాస్టిక్ వచ్చింది. బిందెను మెటికతో కొట్టి వినేవాళ్ళు ఊళ్ళో ఎవరైనా మిగిలారేమో నాకు తెలియదు. "ఇంకోసారి వినిపించు బిడ్డా, ఆఖరి చెంబు దగ్గర చూడు, సన్నటి పగులు వినపడుతుంది. అది మా ఇంటి ముద్ర" అన్నాను. ఇందాక నేను పేరు చూసిన మంటలో చప్పుడు సరిగ్గా వినలేదు.

ఆమె వేసింది. ఆరు బిందెలు మోగాయి. చిన్నమ్మ చేతిలో ఆరినట్టే మెల్లగా ఆరాయి. ఏడోది, చెంబు, గుండ్రంగా, నున్నగా, ఏ లోపమూ లేకుండా మోగింది.

"అదా అమ్మా, అక్కడ సౌండ్ డ్యామేజ్ ఉండేది. మా టెక్నీషియన్స్ నెలరోజులు కష్టపడి క్లీన్ చేశారు. ఎంత నీట్‌గా వచ్చిందో కదా" అంది.

పాతది ఉందా అని అడిగాను. రీలు ముట్టుకుంటే పొడి అవుతోందని, మిగిలిన కాపీ ఇదేనని చెప్పింది. మా చిన్నాయన పేరు వేయమని అడిగాను. ఇచ్చినంక అడుగుడు మా ఇంట్లో లేదు, అయినా నేను అడిగాను. "ఉత్తరమో, ఫొటోనో, ఏదైనా కాగితం ఉందా అమ్మా?" అంది. లేదు. "అయితే కింద చిన్న అక్షరాల్లో, స్థానికులు ఇలా చెప్పుకుంటారని వేయిస్తాను" అంది. తన చేతిలో ఉన్నంత మేలు చేయాలనే చూసింది. ఆ పిల్లను తప్పు పట్టను.

వెళ్ళేముందు నా బల్ల మీద ఉన్న చిన్న భూతద్దం చేతిలోకి తీసుకుంది. చిన్నాయన కంటికి బిగించుకున్నది అదే. చిన్నమ్మ పోయేముందు నాకిచ్చింది. చుట్టూ ఇత్తడి కట్టు చిన్నాయన స్వయంగా పోసుకున్నాడు. ఆ అమ్మాయి దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, "ఎంత బాగుందమ్మా ఇది" అంది.

నాలుక మీదకు పాత మాట దానంతటదే వచ్చేసింది. ఎంతైనా బాపు కూతుర్ని. ఆమె బహుశా వద్దనే అనేది, మంచి పిల్ల. మాట మింగి చేయి చాపాను.

"అది మా చిన్నాయనది. ఇటియ్యి బిడ్డా" అన్నాను.